స్పాయిలర్ తెలిస్తే యానిమే చూడటంలో ఏం పోతుంది? అనంతపురంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రాలు మా మిద్దె మీద గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్‌తో యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, చూస్తుంటాం. వీధిలోని ఇంటర్ పిల్లలు, జేఎన్‌టీయూలో చదివేవాళ్ళు, అప్పుడప్పుడూ వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు. ఎపిసోడ్ అయిపోయాక వచ్చే గొడవల్లో సగం స్పాయిలర్ల గురించే, అంటే కథలో రాబోయేది ముందే చెప్పేయడం గురించే. ఎవరో ఒకరు నోరు జారతారు, ఇంకొకరు అలిగి కిందికి దిగిపోతారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలకు నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఏ సిరీస్‌లోనూ ఎవరు చనిపోతారో, ఎవరు ద్రోహి అవుతారో, కథ ఎట్లా ముగుస్తుందో ఈ పేజీలో ఎక్కడా ఉండదు. నిశ్చింతగా చదవండి.

అక్కా, ఎంత చెప్తే స్పాయిలర్ అవుతుంది? కథ గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదా?

మాట్లాడొచ్చు. మొదటి ఎపిసోడ్‌లో సిరీస్ తానే బయటపెట్టేది స్పాయిలర్ కాదు. ‘డెత్ నోట్’ ఉంది కదా, 2006లో మొదలై 37 ఎపిసోడ్లు నడిచింది. హంతకుడు ఎవరో మొదటి ఎపిసోడ్‌లోనే మన కళ్ళ ముందు తేలిపోతుంది. అక్కడి నుంచి కథంతా వాడు దొరుకుతాడా లేదా అన్న దాని మీదే నడుస్తుంది. "ఒక పిల్లాడికి ఒక పుస్తకం దొరుకుతుంది, అందులో పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోతాడు" అని మీ స్నేహితుడికి చెప్తే వాడు చూడటానికి కూర్చుంటాడు. ఆ కథలో నడుమ ఒక చోట జరిగేది చెప్తే మాత్రం వాడి దగ్గర ఒకటి లాక్కున్నట్టే.

చూసేవాళ్ళే కనుక్కోవాలని కథ చెప్పేవాళ్ళు దాచిపెట్టినది ఏదైనా స్పాయిలరే. ఇదీ నా కొలత. చావులు, ముసుగు వెనక ఉన్న మనిషెవరు, ఆ లోకం అట్లా ఎందుకు తయారైంది, ఇవన్నీ అందులోకి వస్తాయి. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది: "ట్విస్ట్ ఉంది, చెప్పనులే" అనడం. ఆ మాట విన్నవాడు ఇక ప్రతి సీన్‌నూ అనుమానంగా చూస్తాడు. మంచివాడిలా కనిపించే ప్రతి పాత్రనూ "వీడేనేమో" అని తడుముతాడు. నమ్మి మోసపోవలసిన చోట వాడు నమ్మనే నమ్మడు. "ఆ పాప మీద ఎక్కువ మమకారం పెట్టుకోవద్దురా" అని నవ్వుతూ అనేది కూడా పేరు పెట్టి చెప్పినదానితో సమానమే.

స్పాయిలర్ తెలిస్తే ఇంకా బాగా ఎంజాయ్ చేస్తారని అమెరికాలో పరిశోధన చేసినారంట కదా?

చేశారు. చెప్పేసినవాళ్ళందరికీ అదొక కవచం అయింది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 12 చిన్న కథలు తీసుకున్నారు. చివర మలుపు ఉండేవి కొన్ని, నేరపరిశోధన కథలు కొన్ని, సాహిత్య కథలు కొన్ని. కొందరికి కథను ఉన్నదున్నట్టు ఇచ్చారు. కొందరికి ముగింపు బయటపెట్టే పేరా ఒకటి ముందు పెట్టి ఇచ్చారు. ముగింపు తెలిసి చదివినవాళ్ళే కథకు ఎక్కువ మార్కులు వేశారు. ఎటు పోతుందో తెలిసిన కథ మనసుకు సులువుగా ఎక్కుతుందని, ఆ సులువే ఇష్టంగా మారి ఉండొచ్చని వాళ్ళ వివరణ. ఇది నిజమైన ఫలితం, కొట్టిపారేయను.

కానీ ఆ ప్రయోగంలో ఉన్నది కొన్ని నిమిషాల్లో చదివి ముగించే కథ. పరిశోధకులు చేతికిచ్చిన కథ అది. చదివేవాళ్ళు దాన్ని ఎంచుకోలేదు. ఆ పాత్రలతో వాళ్ళు వారాల తరబడి గడపలేదు. తర్వాత ఏమవుతుందోనని రాత్రి నిద్ర మానుకుని స్నేహితుడితో వాదించలేదు. మూడేళ్ళుగా ఒక పాత్రను పెంచుకున్న ఇంటర్ పిల్లాడి బాధను ఆ 12 కథలతో కొలవలేం.

పైగా ఫలితాలన్నీ ఒకే వైపు లేవు. 2015లో బెంజమిన్ జాన్సన్, జూడిత్ రోజెన్‌బామ్ ప్రచురించిన అధ్యయనంలో, ముందే బయటపెట్టిన కథలు అంత వినోదంగా అనిపించలేదు, అంతగా కదిలించనూ లేదు. వాళ్ళే తర్వాత మనుషుల స్వభావాల్లో తేడాలు చూశారు. గట్టి ఉద్వేగాలు కోరుకునేవాళ్ళు ముగింపు తెలియని కథలనే ఎక్కువ ఆస్వాదించారు. నాకు ఇదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే మా మిద్దె మీద నేను చూసేదీ ఇదే. ఒకే ఇంటి అక్కాతమ్ముళ్ళలో ఒకరు ముగింపు ముందే వెతుక్కుని హాయిగా చూస్తారు. ఇంకొకరికి పేరు వినబడితేనే చెవులు మూసుకునేంత పట్టింపు.

కాబట్టి "సైన్స్ చెప్పింది, నీకేం నష్టం లేదు" అని ఎవరైనా అంటే, ఏ కథల మీద చెప్పిందో అడగండి.

రామాయణం అందరికీ తెలుసు. అయినా మా అవ్వ వాళ్ళు తెల్లారేదాకా తోలుబొమ్మలాట చూసేవాళ్ళు. మీకెందుకింత పట్టింపు?

ఈ ప్రశ్న ధర్మవరం నుంచి వచ్చే ఒక నాన్న అడిగారు. నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్న ఇదే.

మన పాత అనంతపురం జిల్లాలోని ధర్మవరం మండలం నిమ్మలకుంట ఇప్పటికీ తోలుబొమ్మలకు పేరున్న ఊరు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లటి తెర, వెనక దీపం, తెర మీద కదిలే రంగుల బొమ్మలు, వెనక నుంచి గొంతు, పాట. యానిమేషన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది ఇదే. రావణుడు చస్తాడని చూసేవాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా లక్ష్మణుడు మూర్ఛపోతే తెర ముందు కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

తెలిసిన కథలో కూడా ఉత్కంఠ ఎందుకు పుడుతుందో రిచర్డ్ గెరిగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో పరీక్షించి చూశాడు. జార్జి వాషింగ్టన్ అమెరికా అధ్యక్షుడయ్యాడని వాళ్ళ దేశంలో చిన్నపిల్లలకూ తెలుసు. అయినా ఆ సంగతి జరుగుతుందో లేదో అన్నట్టు ఉత్కంఠగా రాసిన పేరా చదివాక, "అవును, నిజమే" అని చెప్పడానికి మనుషులు మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకున్నారు. కథలో మునిగినప్పుడు మనకు తెలిసినది కాసేపు పక్కకు జరుగుతుందన్నమాట.

కాబట్టి ఆ నాన్న చెప్పినది నిజం. కానీ తేడా ఎక్కడుందో చూడండి. తోలుబొమ్మలాట ముగింపు మీద నిలబడిన ఆట కాదు. ఆ రాత్రి ఏ గొంతు ఎట్లా పాడుతుంది, హాస్య పాత్రలైన బంగారక్క, జుట్టుపోలిగాడు నడుమ వచ్చి ఏ మాట విసురుతారు అన్నదాని మీద నిలబడింది. ఆడేవాళ్ళకూ చూసేవాళ్ళకూ కథ తెలుసు అన్న లెక్కతోనే ఆటను కట్టారు. ఒక రహస్యాన్ని అరవై ఎపిసోడ్ల పాటు దాచి, చూసేవాడి తప్పుడు అంచనాలను ఇటుకల్లా వాడి కట్టిన సిరీస్ వేరే తయారీ. రెండో దానికి మొదటి దాని కొలత పెట్టకూడదు.

ఇంకొకటి. అవ్వకైనా రామాయణం ఎవరో ఒకరు మొదటిసారి చెప్పే ఉంటారు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రాత్రికి ఒక ముక్క చొప్పున, "ఆపైన ఏమైంది?" అని అడిగేదాకా ఆగి చెప్పి ఉంటారు. ముందు రావణుడి చావు చెప్పి తర్వాత సీతను ఎత్తుకుపోయింది చెప్పరు కదా.

మంచి సిరీస్ రెండోసారి చూస్తే ఇంకా బాగుంటుంది. అట్లైతే స్పాయిలర్ తెలిసి చూసేదీ, రెండోసారి చూసేదీ ఒకటే కదా?

కాదు. నేను ఇంత పట్టుదలగా ఉండటానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

‘అటాక్ ఆన్ టైటన్’ రెండోసారి చూసినవాళ్ళను అడగండి. మొదటి సీజన్‌లో ఒక పాత్ర ఊరికే అన్నట్టు అన్న మాట, వెనక వరుసలో నిలబడిన ఒకరి ముఖం, ఇవన్నీ కొత్త అర్థంతో కనిపిస్తాయి. ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకు? మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మనం ఏమనుకున్నామో గుర్తుంది కాబట్టి. అప్పటి మన నమ్మకాన్నీ ఇప్పటి మన తెలివినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడంలోనే ఆ ఆనందం ఉంది. స్పాయిలర్ తెలిసినవాడికి ఇప్పటి తెలివి మాత్రమే ఉంటుంది. పోల్చుకోవడానికి తనది అనే మొదటి నమ్మకం ఉండదు. ఆ సూచనలు వాడికీ కనిపిస్తాయి, తెలివిగా రాశారని మెచ్చుకుంటాడు కూడా. మోసపోయిన అనుభవం మాత్రం వాడికి లేదు.

అంటే స్పాయిలర్ కథను చంపదు. రెండోసారి చూసే ఆనందంలో కొంత మిగులుతుంది, మొదటిసారిది పోతుంది. రెండోసారి ఎన్నిసార్లైనా చూడొచ్చు. మొదటిసారి మళ్ళీ రాదు. దాన్ని వదులుకోవాలా వద్దా అన్నది చూసేవాళ్ళే నిర్ణయించుకోవాలి, పక్కవాళ్ళు కాదు.

సినిమా కంటే యానిమేలో స్పాయిలర్ల బాధ ఎందుకింత ఎక్కువ?

చాలా యానిమే సిరీస్‌లకు మూలం మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం. అది ముందే అచ్చయిపోతుంది. ‘అటాక్ ఆన్ టైటన్’ మాంగా 2009లో మొదలై 2021 ఏప్రిల్‌లో 139వ అధ్యాయంతో ముగిసింది. యానిమే ముగిసింది 2023 నవంబరులో. ఆ రెండున్నరేళ్ళూ ముగింపు లోకమంతా పరుచుకుని ఉంది. ‘డీమన్ స్లేయర్’ మాంగా 2020 మేలోనే ముగిసింది. దాని ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమా తెలుగు డబ్బింగ్‌తో సహా మన దేశంలో విడుదలైంది 2025 సెప్టెంబరు 12న. టికెట్ కొనుక్కుని కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఎవరెవరు ఏమవుతారో ఐదేళ్ళ పాత వార్త.

ఇంకో కారణం ఎదురుచూపు. వారానికొక ఎపిసోడ్ వచ్చే సిరీస్‌లో చూసే సమయం ఇరవై నాలుగు నిమిషాలే, ఊహించుకునే సమయం వారమంతా. కాలేజీ బస్సులో, సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ, "వాడే చేసినాడు చూడు", "ఛ, ఆ కత్తి గుర్తు చూళ్ళేదా నువ్వు" అని వాదించుకునేది కూడా సిరీస్‌లో భాగమే. స్పాయిలర్ ముందుగా మింగేసేది ఈ వారాన్ని. ఎపిసోడ్ అట్లాగే ఉంటుంది, దాని చుట్టూ మాట్లాడుకోవడానికి ఇంకేమీ ఉండదు.

మాంగాను విడిచిపెట్టి సొంత దారి పట్టిన సిరీస్‌లూ ఉన్నాయి. 2003 నాటి ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ అప్పటికి మాంగా పూర్తికాలేదు కాబట్టి నడుమ నుంచి వేరే కథ చెప్పింది. అదే కథతో 2009లో మళ్ళీ వచ్చిన ‘బ్రదర్‌హుడ్’ 64 ఎపిసోడ్లలో మాంగాను అనుసరించింది. ఒకటి చూసినవాళ్ళు రెండోదాని గురించి "నాకంతా తెలుసు" అనుకోకండి.

మేం తెలుగు డబ్బింగ్ వచ్చినాకే చూస్తాం. అప్పటికి అందరూ అన్నీ చెప్పేసి ఉంటారు. ఏం చేయల్ల?

ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. జపాన్ టైమ్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఆదివారం అర్ధరాత్రి దాటేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవగలిగినవాళ్ళు ఆ రాత్రే చూసేస్తారు. తెలుగు డబ్బింగ్ చాలాసార్లు వారాల తర్వాత వస్తుంది, కొన్నింటికి రానే రాదు. ఇంగ్లీషు అంత వేగంగా చదవలేని పిల్లలు, చిన్న తమ్ముళ్ళు, ఇష్టంగా కూర్చునే అమ్మలు, వీళ్ళే ఎక్కువగా నష్టపోతున్నారు. మీరు సబ్‌టైటిల్స్‌తో ముందే చూసినవాళ్ళైతే, మీ ఇంట్లో తెలుగులో చూసేవాళ్ళ క్యాలెండరే మీ క్యాలెండర్ అనుకోండి. వాళ్ళు చూసేదాకా నోరు మెదపొద్దు. మా మిద్దె మీద ఉన్న ఒకే ఒక్క గట్టి నియమం ఇది.

నేను మాంగా చదివేసినా. పక్కన కూర్చొని చూసేటప్పుడు ఎట్లా ఉండల్ల?

ముఖం జాగ్రత్త. మాటలకంటే ముఖాలే ఎక్కువ చెప్పేస్తాయి. ఒక పాత్ర తెర మీదికి రాగానే నువ్వు నిట్టూరిస్తే పక్కవాడు పట్టేస్తాడు. పెద్ద సీన్ వచ్చేముందు ఫోన్ తీసి వాడి రియాక్షన్ వీడియో తీయడానికి సిద్ధమైతే, ఏదో రాబోతోందని వాడికి తెలిసిపోయినట్టే.

వాడు ఊహలు చెప్తుంటే సరైనదానికీ తప్పుదానికీ ఒకే జవాబివ్వు: "నీకెందుకట్లా అనిపించింది?" తప్పు ఊహలకు నవ్వి, సరైన ఊహకు మౌనంగా ఉండిపోతే వాడికి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నీకు మాట్లాడుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంటే నాకర్థమవుతుంది. చదివేసిన ఇంకొకరిని వెతుక్కో, వాళ్ళతో కడుపునిండా మాట్లాడు.

సిరీసే ముందుగా చెప్పేస్తే?

చెప్పేస్తుంది, నిజమే. నిమిషంన్నర ఉండే ఓపెనింగ్ పాటలో ఇంకా రాని పాత్రలు, రాబోయే పోరాటాల ముక్కలు పెడతారు. ఎపిసోడ్ చివర "వచ్చే వారం" అని చూపేదాంట్లో ఇంకా ఎక్కువ. ఒక పేరున్న జపాన్ సిరీస్‌లో తర్వాతి ఎపిసోడ్ పేరులోనే ఒక ముఖ్య పాత్ర చనిపోతాడని పెట్టేశారు. జపాన్‌లో ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. సిరీస్ పేరు చెప్పను.

కొత్త ఓపెనింగ్ మొదటిసారి వచ్చినప్పుడు దాటేసి, ఆ ఆర్క్ (కథలోని ఆ భాగం) అయిపోయాక చూడమని నా సలహా. అప్పుడు పాటలోని ప్రతి బొమ్మా అర్థమవుతుంది. వచ్చే వారం ముక్కను మాత్రం ఎప్పుడూ ఆపేయండి.

ఫోన్‌లో ఎట్లా తప్పించుకోవాలో చెప్పండి.

ముందుగా, పాత్ర పేరు గూగుల్‌లో కొట్టొద్దు. పేరు పూర్తయ్యేలోపే "ఎలా చనిపోయాడు" అని అదే చూపిస్తుంది. అభిమానులు నడిపే వికీ పేజీలు ఇంకా ప్రమాదం. పేజీ తెరవగానే కుడివైపు పట్టికలో ఆ పాత్ర బతికున్నాడా లేదా అని రాసి ఉంటుంది. ఒక పాత్ర పేరు గుర్తురాక వెతికినవాళ్ళు ఎంతమంది దీనికి బలయ్యారో! పేరు గుర్తురాకపోతే ముందే చూసినవాళ్ళను అడగండి, వాళ్ళు పేరు మాత్రం చెప్తారు.

యూట్యూబ్‌లో ఒక్క యానిమే వీడియో చూస్తే చాలు, పది వీడియోలు ముగింపు థంబ్‌నెయిల్‌లోనే పెట్టుకుని వస్తాయి. అట్లాంటి ఛానెల్ కనబడగానే మూడు చుక్కలు నొక్కి, ఇక చూపించొద్దని చెప్పండి. చూస్తున్నన్ని రోజులు వాచ్ హిస్టరీ ఆపేస్తే ఇంకా మంచిది. ఎక్స్‌లో సిరీస్ పేరు, పాత్రల పేర్లు మ్యూట్ చేయొచ్చు. పేర్లను రెండు మూడు రకాలుగా రాస్తారు కాబట్టి అన్నీ పెట్టండి. వాట్సాప్ స్టేటస్‌లు పెట్టే మిత్రుణ్ణి కొన్నాళ్ళు మ్యూట్ చేయండి, వాడికి తెలియదు, నొచ్చుకోడు.

లీకుల సంగతి వేరే చెప్పాలి. ‘షోనెన్ జంప్’ అనే జపాన్ వారపత్రికలోని మాంగాల కొత్త అధ్యాయాలు 2019 నుంచి ‘మాంగా ప్లస్’ యాప్‌లో అధికారికంగా, ఉచితంగా, మనకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకే వస్తున్నాయి. అయినా వారం మధ్యలోనే ఫొటోలు బయటికి వచ్చేస్తాయి. 2024 ఫిబ్రవరిలో ఈ విషయం మీదే జపాన్ పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. లీకు ఫొటో పంపేవాడు స్నేహితుడైనా సరే, పంపొద్దని చెప్పండి. అది గీసినవాళ్ళ కష్టం.

మీరు గ్రూపులో రాసేటప్పుడు: టెలిగ్రామ్‌లో అక్షరాలను కప్పి ఉంచే సౌకర్యం ఉంది, తాకితేనే కనబడతాయి. వాట్సాప్‌లో లేదు కాబట్టి మొదటి వరుసలో సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబరు రాసి, కింద చాలా ఖాళీ వరుసలు వదిలి రాయండి.

"ఓపిక పట్టు, 19వ ఎపిసోడ్ దాకా చూడు" అనేది స్పాయిలరా?

కొంచెం. ‘డీమన్ స్లేయర్’ మొదటి సీజన్ గురించి అందరూ ఈ మాటే అంటారు. అది చెప్పడం వల్ల మధ్యలో వదిలేసేవాళ్ళు నిలబడతారు కాబట్టి నేను క్షమిస్తాను. నంబరు చెప్పకుండా "ఇంకొన్ని చూడు, నీకు నచ్చుతుంది" అంటే అంతకంటే మేలు.

ఎన్నాళ్ళ తర్వాత మాట్లాడొచ్చు?

లెక్క లేదు. 1999 నుంచి వస్తున్న ‘వన్ పీస్’ను ఈ రోజే మొదలుపెట్టే పదమూడేళ్ళ పిల్ల ఉంటుంది. "ఇరవై ఏళ్ళ పాతది, ఇంకా చూడకపోవడం నీ తప్పు" అంటే ఎట్లా? ఆ ఎపిసోడ్ వచ్చేనాటికి ఆ పిల్ల పుట్టనే లేదు. నలుగురిలో మాట్లాడేముందు "ఎంతవరకు చూసినారు?" అని అడగండి. చాలు.

నాకు ముందే తెలియకపోతే చూడలేను అక్కా. భయం. నేను తప్పు చేస్తున్నానా?

లేదు. ఇది అడిగిన పాపకు మొహం చిన్నబోయింది, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఎవరు బతుకుతారో తెలుసుకున్నాకే కొందరికి కథలో కూర్చునే ధైర్యం వస్తుంది. ఇంట్లో ఈమధ్యే ఎవరినో పోగొట్టుకున్నవాళ్ళకు తెర మీద హఠాత్తుగా అట్లాంటి చావు ఎదురుకావడం వినోదం కాదు. చిన్నపిల్లలతో చూసే తల్లిదండ్రులు ముందే కనుక్కుని తీరాలి. బొమ్మలు కదా అని అన్నీ పిల్లలవే అనుకోవద్దు, కొన్ని సిరీస్‌లలో రక్తపాతం చాలా ఎక్కువ.

నువ్వు అడిగి తెలుసుకుంటే అది నీ ఇష్టం. ఒక్కటే కోరుకుంటాను: తెలుసుకున్నాక పక్కవాళ్ళ దగ్గర దాచుకో. నీకు చెప్పేవాళ్ళు కూడా నీ ఒక్కదాని చెవిలోనే చెప్పాలి.

నాకు చెప్పేసినారు. ఇంక చూడాలనిపించడం లేదు.

చూడు. వెంటనే మాత్రం చూడొద్దు. కోపంలో కూర్చుంటే ఆ సీన్ ఎప్పుడొస్తుందా అని లెక్కపెడుతూ మిగతాదంతా పోగొట్టుకుంటావు. కొన్ని వారాలు వేరే సిరీస్ చూసి రా. విన్న ముక్క అంచులు చెరిగిపోతాయి. ఎవరికి జరుగుతుందో గుర్తుంటుంది, ఎప్పుడు, ఎందుకు జరుగుతుందో కలగలిసిపోతుంది. పైగా చెప్పినవాడు సరిగ్గా చెప్పాడని ఏముంది? ముక్క చూసి మొత్తం ఊహించి చెప్పేవాళ్ళు, కావాలని అబద్ధాలు పుట్టించేవాళ్ళు చాలామంది. అబద్ధపు స్పాయిలర్‌ను నమ్మి చివరిదాకా వణికిన పిల్లల్ని చూశాను. అంతా అయ్యాక వాళ్ళ సంతోషం చూడాలి.

ఇక నిజమే అనుకో. "ఏం జరుగుతుంది" పోయింది, "ఎట్లా" మొత్తం మిగిలే ఉంది. యానిమేలో ఆ ఎట్లా చాలా పెద్దది. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి, కానీ మామూలు సీన్లలో ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపి ఎనిమిది బొమ్మలతోనే సరిపెడతారు. కీలకమైన చోట ఉన్నట్టుండి బొమ్మల సంఖ్య పెరుగుతుంది, గీత మారుతుంది, జుట్టు కదలిక కూడా వేరేగా ఉంటుంది. ఎవరో ఒక కళాకారుడు ఆ కొన్ని సెకన్ల కోసం రోజులు ధారపోశాడని కనబడుతుంది. సంగీతం ఎక్కడ ఆగింది, గొంతు ఎక్కడ పగిలింది, దర్శకుడు ముఖం చూపకుండా చేతులు మాత్రమే ఎందుకు చూపాడు అన్నది గమనించు. ముగింపు తెలియనివాళ్ళకు మొదటిసారి ఇవన్నీ చూసే తీరిక ఉండదు.

నీకు జరిగినది నష్టమే, చిన్నదని చెప్పను. కానీ ఆ ఒక్క మాట వల్ల మొత్తం సిరీస్‌ను వదిలేస్తే నువ్వు పోగొట్టుకునేది అంతకంటే చాలా ఎక్కువ.

పరీక్షలు అయ్యేదాకా చూడలేను. అప్పటిదాకా ఎట్లా కాపాడుకోవాల?

మార్చిలో ఇంటర్, ఆ తర్వాత ఈఏపీసెట్. మన దగ్గర పిల్లలందరిదీ ఇదే కథ. మంచి పిల్లాడొకణ్ణి పట్టుకుని, నీ ఫోన్‌లో మ్యూట్ చేయాల్సిన పేర్లన్నీ వాడినే పెట్టమను. ఏ పేర్లు ప్రమాదమో చూసినవాడికే తెలుస్తుంది. సెలవుల్లో మొదలుపెట్టినప్పుడు రాత్రంతా కూర్చుని ముగించేయకుండా రోజుకు రెండు మూడు ఎపిసోడ్లే చూడు, ఊహించుకోవడానికి నీకూ కొంత సమయం ఉంటుంది.

చెప్పేసినవాడు నా ప్రాణస్నేహితుడు. వాడితో ఏమనల్ల?

ముందు వాడెందుకు చెప్పాడో చూడు. ఎక్కువమంది చెడగొట్టాలని చెప్పరు. వాడి ఛాతీలో పట్టనంత పెద్దది చూశాడు, పంచుకోవడానికి ఎవరూ లేరు, నువ్వు కనబడ్డావు. అట్లాంటివాడితో "నువ్వు చెప్పింది నాకు బాధగా ఉంది రా, అది నేనే చూసి తెలుసుకోవాలనుకున్న" అని నేరుగా చెప్పు. తర్వాతి సిరీస్ ఇద్దరూ ఒకేరోజు మొదలుపెట్టి, ఒకే ఎపిసోడ్ దగ్గర ఆగండి. వాడికి మాట్లాడటానికి మనిషి దొరుకుతాడు.

ఏడిపించడానికే చెప్పేవాళ్ళు కొందరుంటారు. పేరు చెప్పి, నీ ముఖం చూసి నవ్వుతారు. వాళ్ళ దగ్గర ఏ సిరీస్ చూస్తున్నావో చెప్పొద్దు. అడిగితే పోయినేడాది చూసి ముగించినదాని పేరు చెప్పు.